ఖైదీ నంబర్ 9653కు పడిన ఓట్లు: యూజీన్ డెబ్స్ దారిలో రోజువారీ ప్రయాణం

యూజీన్ విక్టర్ డెబ్స్ అమెరికా అధ్యక్ష పదవికి అయిదుసార్లు పోటీ చేశాడు: 1900, 1904, 1908, 1912, 1920. అయిదుసార్లూ సోషలిస్టు అభ్యర్థిగానే నిలబడ్డాడు, అయిదుసార్లూ ఓడిపోయాడు. చివరిసారి అట్లాంటా ఫెడరల్ జైలు గదిలోంచి పోటీ చేస్తే 9 లక్షల 10 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. మూడో పార్టీ (డెమోక్రాట్, రిపబ్లికన్ అనే రెండు పెద్ద పార్టీలకూ బయటిది) అభ్యర్థి బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారు ఎన్నికల ఫలితాల పట్టిక చూస్తే సరిపోదు. ఆ మనిషి మాట్లాడిన చోటు, పట్టుబడిన చోటు, శిక్ష పడిన చోటు వరుసగా చూడాలి. అవన్నీ ఇప్పటికీ ఉన్నాయి, ఒక వారంలో చుట్టి రావచ్చు.

దారి ఇది: షికాగో, టెరహోట్, మేరియన్, కాంటన్, క్లీవ్‌ల్యాండ్, మౌండ్స్‌విల్, అట్లాంటా. షికాగో నుంచి మౌండ్స్‌విల్ దాకా కారులో, అక్కణ్ణుంచి పిట్స్‌బర్గ్ విమానాశ్రయానికి వచ్చి అట్లాంటాకు విమానంలో వెళ్లడం మేలు. రోడ్డు మీద పడేది మొత్తం 850 మైళ్ల పైచిలుకు. కారు షికాగోలో తీసుకుని పిట్స్‌బర్గ్‌లో వదిలేస్తే వన్-వే రుసుము అదనంగా పడుతుంది. బుక్ చేసేటప్పుడే అది కలిపి చూపిస్తున్నారో లేదో చూసుకోవాలి. బయల్దేరడానికి మంగళవారం అనువైనది. మ్యూజియంలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి, క్లీవ్‌ల్యాండ్ కోర్టు భవనం శని, ఆదివారాలు తెరవరు. వారం మధ్యలో మొదలుపెడితే ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పిపోతుంది.

దారిలో తగిలే అయిదు రాష్ట్రాల్లో ఇవాళ ఒక మూడో పార్టీ అభ్యర్థి బ్యాలెట్ మీదికి ఎక్కాలంటే ఏం చేయాలో కూడా ఆయా చోట్ల చెబుతాం. డెబ్స్ కాలపు అడ్డంకుల్లో కొన్ని పోయాయి, కొన్ని రూపం మార్చుకున్నాయి. చోటు కళ్లెదుట ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

మొదటి రోజు: షికాగో

పొద్దున్నే పుల్‌మన్‌కు వెళ్లాలి. మిలీనియం స్టేషన్‌లో మెట్రా ఎలక్ట్రిక్ రైలెక్కి 111వ వీధి స్టేషన్‌లో దిగితే పాత కంపెనీ ఊరు నడక దూరమే. రైలు బోగీలు తయారుచేసే జార్జ్ పుల్‌మన్ తన కార్మికుల కోసం కట్టించిన ఊరు ఇది. ఇళ్లు, దుకాణాలు, చర్చి, అన్నీ కంపెనీవే. 1893 మాంద్యంలో జీతాలు దాదాపు నాలుగో వంతు కోశారు, ఇళ్ల అద్దెలు మాత్రం తగ్గించలేదు. 1894 మే 11న కార్మికులు పని ఆపేశారు. డెబ్స్ స్థాపించిన అమెరికన్ రైల్వే యూనియన్ వాళ్లకు అండగా పుల్‌మన్ బోగీలున్న రైళ్లను నడపబోమని జూన్ 26న బహిష్కరణ మొదలుపెట్టింది. టపా ఆగిపోతోందన్న కారణం చూపి కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చింది, అధ్యక్షుడు క్లీవ్‌ల్యాండ్ సైన్యాన్ని దింపాడు. సమ్మె విరిగిపోయింది.

గడియార స్తంభం ఉన్న పాత పరిపాలనా భవనంలో నేషనల్ పార్క్ సర్వీస్ సందర్శకుల కేంద్రం నడుపుతోంది. ముందు అక్కడికి వెళ్లి పటం తీసుకోండి. తర్వాత ఎదురుగా ఉన్న ఫ్లోరెన్స్ హోటల్‌నీ, కార్మికుల ఇళ్ల వరసల్నీ చూడండి. ఫోర్‌మన్ల ఇళ్లకూ కూలీల ఇళ్లకూ వెడల్పులో, వరండాలో తేడా వీధిలో నడిస్తేనే కనిపిస్తుంది. ఇళ్లలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, గుమ్మాల దాకా వెళ్లి ఫోటోలు తీయకూడదు. దగ్గర్లోనే ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ పేరిట పుల్‌మన్ పోర్టర్ల మ్యూజియం ఉంది, దాన్ని వదలొద్దు. నల్లజాతి కార్మికులను సభ్యులుగా చేర్చుకోవాలని డెబ్స్ తన యూనియన్ మహాసభలో వాదించాడు. 112కు 100 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ పన్నెండు ఓట్లు సమ్మె బలాన్ని ఎంత తగ్గించాయో ఈ మ్యూజియం చూశాక అర్థమవుతుంది.

మధ్యాహ్నం వుడ్‌స్టాక్. కోర్టు ఆజ్ఞ ధిక్కరించినందుకు డెబ్స్ ఆరు నెలల శిక్ష అనుభవించింది ఇక్కడి మెక్‌హెన్రీ కౌంటీ జైల్లో, 1895లో. షికాగో కౌంటీ జైలు కిక్కిరిసిపోవడంతో ఇక్కడికి పంపారు. మిలీనియం స్టేషన్ నుంచి ఓగిల్వీ స్టేషన్‌కు ఓ మైలు నడిచి యూనియన్ పసిఫిక్ నార్త్‌వెస్ట్ లైన్ రైలెక్కాలి. ప్రయాణం సుమారు గంటన్నర. తిరుగు రైలు వేళ ముందే రాసిపెట్టుకోండి. రద్దీ వేళలు దాటితే రైళ్ల మధ్య ఎడం బాగా పెరుగుతుంది. చతురస్రాకారపు తోట పక్కనే పాత కోర్టు, దానికి ఆనుకుని షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఇల్లు, జైలు ఉన్నాయి. డెబ్స్, అతని సహచరులు ఇక్కడ రోజును గంటలుగా విడదీసుకున్నారు: కసరత్తు, చదువు, ఉత్తరాలు, సాయంత్రం చర్చ. మిల్వాకీ నుంచి సోషలిస్టు నాయకుడు విక్టర్ బెర్గర్ సోషలిజం పుస్తకాలు తెచ్చిచ్చాడు. 1895 నవంబర్ 22న విడుదలై షికాగో చేరేసరికి వానలో లక్ష మందికి పైగా జనం ఎదురుచూస్తున్నారు. అంతకుముందు డెబ్స్ డెమోక్రాట్. టెరహోట్‌లో సిటీ క్లర్క్‌గా, తర్వాత ఇండియానా శాసనసభ్యుడిగా పనిచేసినవాడు. పెద్ద పార్టీలో చోటు ఉండి కూడా వదులుకున్నాడన్న సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి రోజులు సరిగా అర్థమవుతాయి.

ఇలినాయ్‌లో ఇప్పటి లెక్క: రాష్ట్రవ్యాప్త పదవికి కొత్త పార్టీగానో స్వతంత్రంగానో నిలబడాలంటే 25,000 మంది ఓటర్ల సంతకాలు, లేదా గత ఎన్నికలో పోలైన ఓట్లలో ఒక శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అది. సేకరించడానికి 90 రోజులు. ప్రతి పేజీ కిందా సంతకాలు సేకరించినవారు నోటరీ ముందు ప్రమాణం చేయాలి. పేజీలకు వరుస నంబర్లు వేసి ఒకే కట్టగా బిగించాలి. దాఖలు గడువు ముగిశాక అయిదు పనిదినాల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు, పెడతారు కూడా. ఒక్కో గీత మీద వాదన నడుస్తుంది: ఓటరు జాబితాలో ఉన్న చిరునామాకూ కాగితం మీది చిరునామాకూ తేడా, సంతకం బదులు పేరు అచ్చక్షరాల్లో రాయడం, ఒకే మనిషి రెండుసార్లు సంతకం పెట్టడం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కావలసినదానికి రెట్టింపుకు తగ్గకుండా పోగుచేస్తారు. నోటరీ ముద్ర పడని ఒక్క పేజీ పోతే దాని మీదున్న సంతకాలన్నీ ఒక్కసారే పోతాయి. వీధిలో నిలబడి సంతకాలు తెచ్చేవారికన్నా, రాత్రిపూట కూర్చుని వాటిని ఓటరు జాబితాతో సరిచూసేవారే ఇక్కడ ప్రచారాన్ని నిలబెడతారు.

రెండో రోజు: టెరహోట్

షికాగో నుంచి యూఎస్ 41 రోడ్డు పట్టుకుంటే దాదాపు నిట్టనిలువుగా దక్షిణానికి 180 మైళ్లు, మూడున్నర గంటలు. రైల్వే కార్మికుడి ఊరికి రైల్లో వెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది గానీ టెరహోట్‌కు ఇప్పుడు ప్రయాణికుల రైలు లేదు. ఇంకో చిక్కు గడియారంతో. షికాగో సెంట్రల్ కాలంలో ఉంది, టెరహోట్ ఈస్టర్న్ కాలంలో. పదింటికి బయల్దేరి ఒంటిగంటన్నరకు చేరతామనుకుంటే అక్కడ అప్పటికి రెండున్నర అయి ఉంటుంది. డెబ్స్ ఇల్లు రోజుకు కొన్ని గంటలే తెరిచి ఉంచుతారు, కొద్దిమంది సిబ్బందితో నడిచే చోటు. ముందురోజు ఫోన్ చేసి వేళలు కనుక్కుని, షికాగోలో ఏడింటికల్లా కారెక్కండి.

ఇల్లు నార్త్ 8వ వీధిలో, 451 నంబరు. చుట్టూ ఇండియానా స్టేట్ యూనివర్సిటీ పెరిగిపోయి ఇల్లు క్యాంపస్ మధ్యలో మిగిలింది. పార్కింగ్ విద్యార్థులకు కేటాయించిన చోట పెడితే జరిమానా కాగితం అంటిస్తారు, బోర్డు చదివి పెట్టండి. 1890లో డెబ్స్, భార్య కేట్ కట్టించుకున్నారు. డెబ్స్ చనిపోయాక చేతులు మారి, కొంతకాలం విద్యార్థుల ఫ్రెటర్నిటీ ఇల్లుగా ఉండి, 1960లలో డెబ్స్ ఫౌండేషన్ చేతికి వచ్చింది. 1966లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అయింది. కింది అంతస్తులో నీలం టైల్స్ పరిచిన పొయ్యి, కేట్ సామాను. ఇంటి హంగు చూసి ప్రత్యర్థులు ఎత్తిపొడిచేవారు. కార్మిక నాయకుడు పాకలోనే ఉండాలన్న ఆ వాదన మూడో పార్టీ అభ్యర్థులందరికీ తగిలేదే. పై అంతస్తుల్లో ప్రచార బిళ్లలు, పోస్టర్లు, ఉత్తరాలు ఉన్నాయి. అటకమీది గది గోడలంతా చిత్రకారుడు జాన్ లాస్కా డెబ్స్ జీవితాన్ని బొమ్మలుగా వేశాడు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ముందే అడిగి తెలుసుకోవాలి. మిగతావారు ఆ గదిలో కనీసం అరగంట ఉండండి. పుట్టుక నుంచి మరణం దాకా గోడ వెంట నడుస్తూ చదవొచ్చు.

ఇక్కడ 1908 నాటి ఎర్ర రైలు వస్తువులను వెతికి చూడాలి. ఆ ఏడు ఆగస్టు చివర షికాగో నుంచి బయల్దేరిన ప్రత్యేక రైలుకు 'రెడ్ స్పెషల్' అని పేరు. ఇంజిన్, పడక బోగీ, భోజనం బోగీ, కరపత్రాలూ పుస్తకాలూ నింపిన సామాను బోగీ, ఒక బ్యాండు మేళం. 33 రాష్ట్రాల్లో 300 ఊళ్ల దాకా ఆగింది. వెనక బోగీ వసారాలో నిలబడి డెబ్స్ రోజంతా మాట్లాడేవాడు, రాత్రికి పెద్ద ఊళ్లో హాలు సభ. గొంతు పోయి లేవలేని పూట, పోలికలు బాగా ఉన్న తమ్ముడు థియోడర్ వసారాలోకి వచ్చి జనానికి తల వంచి నమస్కరించేవాడు. డబ్బు చందాల రూపంలో, నాణేలుగా వచ్చింది. పెద్ద సభలకు టిక్కెట్టు పెట్టారు. జనాన్ని పిలిచి, పైగా వాళ్ల దగ్గరే డబ్బు తీసుకుని ప్రసంగించిన పార్టీ అప్పట్లో ఇదొక్కటే అనిపిస్తుంది. రైలు ఖర్చు రిపబ్లికన్లు పెట్టారని పుకారు లేస్తే చందాదారుల పేర్లే అచ్చువేసి బయటపెట్టారు.

ఇంతా చేస్తే ఆ ఏడు వచ్చిన ఓట్లు సుమారు 4 లక్షల 20 వేలు. 1904లో వచ్చిన 4 లక్షల చిల్లర కన్నా స్వల్పంగానే ఎక్కువ. శాతం చూస్తే 3 నుంచి 2.8కి దిగింది. రైలు దగ్గరికి వచ్చిన జనమంతా ఓటర్లు కారు. ఆడవాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఓటు లేదు. వలస వచ్చినవాళ్లలో ఎంతోమందికి పౌరసత్వం రాలేదు. పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే కూలీలకు ఒకచోట నివాసముంటే తప్ప ఓటు దక్కేది కాదు. అదీగాక డెమోక్రాట్లు ఆ ఏడు విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను మళ్లీ నిలబెట్టడంతో అసంతృప్తి ఓట్లు అటు మళ్లాయి. సభకు వచ్చిన జనాన్ని చూసి ఓట్లు లెక్కేసుకునే ప్రతి చిన్న పార్టీ చదవాల్సిన లెక్క ఇది. నాలుగేళ్ల తర్వాత, 1912లో, 9 లక్షలకు పైగా ఓట్లు, దాదాపు 6 శాతం వచ్చాయి. ఇప్పటి చట్టం ప్రకారం దేశవ్యాప్తంగా 5 శాతం దాటిన చిన్న పార్టీకి తర్వాతి అధ్యక్ష ఎన్నికకు ప్రభుత్వ నిధులు అందుతాయి. అప్పట్లో అలాంటి ఏర్పాటు లేదు.

సాయంత్రం ఊరికి తూర్పున వబాష్ అవెన్యూ మీదున్న హైలాండ్ లాన్ శ్మశానవాటికకు వెళ్లండి. కార్యాలయంలో పటం అడగడం మంచిది, రాయి చిన్నది, వెతుక్కుంటూ తిరిగితే చీకటి పడుతుంది. డెబ్స్ 1926 అక్టోబర్ 20న పోయాడు. అంత్యక్రియల ప్రసంగాలు 8వ వీధి ఇంటి వరండాలోంచే జరిగాయి. మాట్లాడినవారిలో నార్మన్ థామస్ ఉన్నాడు. తర్వాత వరుసగా ఆరుసార్లు అధ్యక్ష పదవికి సోషలిస్టు అభ్యర్థిగా నిలబడ్డవాడు ఆయనే.

ఇండియానాలో నేటి గడప చాలా ఎత్తు. గత సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే పదవి) ఎన్నికలో పోలైన ఓట్లలో 2 శాతం సంతకాలు కావాలి. 2024కి ఆ లెక్క 36,943. సంతకం పెట్టినవారు ఏ కౌంటీ ఓటరైతే ఆ కౌంటీ కార్యాలయానికే కాగితాలు ఇచ్చి ధ్రువీకరణ తెచ్చుకోవాలి. కౌంటీలు 92. ఒకే కాగితం మీద మూడు కౌంటీలవాళ్లు సంతకం పెడితే ఎటూ కాకుండా పోతుంది. కాబట్టి జాతరల్లో, మ్యాచ్‌ల దగ్గర సంతకాలు తీసుకునేవారు కౌంటీకి ఒక అట్ట చొప్పున వేరువేరుగా పట్టుకుని నిలబడాలి.

మూడో రోజు: మేరియన్

టెరహోట్ నుంచి ఐ-70 మీద ఇండియానాపొలిస్, కొలంబస్ దాటి, యూఎస్ 23 మీద ఉత్తరానికి. 300 మైళ్లు, అయిదు గంటలు. డెబ్స్ దారిలో ఈ ఊరిని ఎవరూ చేర్చరు. మేం చేర్చమంటాం. 1920లో డెబ్స్ అట్లాంటా జైల్లో ఉండగా, అతని మీద గెలిచిన రిపబ్లికన్ అభ్యర్థి వారెన్ హార్డింగ్ మేరియన్‌లో తన ఇంటి వరండాలో నిలబడి ప్రచారం చేశాడు. మౌంట్ వెర్నన్ అవెన్యూలో 380 నంబరు ఇల్లు. దాదాపు 6 లక్షల మంది ఆ వరండా ముందుకు వచ్చారని అంచనా. తొక్కిడికి గడ్డి చచ్చిపోతే ముంగిట కంకర పోశారు. విలేకర్ల కోసం పెరట్లో ఒక చిన్న ఇల్లు కట్టారు, సియర్స్ కేటలాగ్‌లో కొన్న విడిభాగాలతో. అది ఇంకా ఉంది, అడిగి చూడండి.

టెరహోట్ వరండా చూసిన మర్నాడే ఈ వరండా మీద నిలబడితే పెద్ద పార్టీకీ మూడో పార్టీకీ ఉన్న దూరం కొలిచినట్టు కనిపిస్తుంది. ఒకరి దగ్గరికి రైళ్లు జనాన్ని తెచ్చి దింపాయి, రెండోవాడు రైలే అద్దెకు తీసుకుని జనం దగ్గరికి పోవలసి వచ్చింది. నార్మన్ థామస్ పుట్టింది కూడా మేరియన్‌లోనే. చిన్నప్పుడు హార్డింగ్ పత్రిక 'మేరియన్ స్టార్'ను ఇంటింటికీ వేసేవాడు.

ఇల్లు గైడుతోనే చూడాలి, పక్కనే అధ్యక్ష మ్యూజియం ఉంది. రెండింటికీ కలిపి రెండు గంటలు చాలు. చీకటి పడేలోగా కాంటన్ చేరండి, 110 మైళ్లు.

నాలుగో రోజు: కాంటన్, క్లీవ్‌ల్యాండ్

కాంటన్‌లో నిమిసిల్లా పార్కు ఊరి మధ్యకు దగ్గరే. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1918 జూన్ 16, ఆదివారం మధ్యాహ్నం. ఒహాయో సోషలిస్టు పార్టీ మహాసభ. సభకు ముందు డెబ్స్ దగ్గర్లోని జైలుకు వెళ్లాడు. సైనిక నిర్బంధ నియామకాన్ని వ్యతిరేకించినందుకు రూథెన్‌బర్గ్, వాగెన్‌నెక్ట్, బేకర్ అనే ముగ్గురు ఒహాయో సోషలిస్టులు అందులో ఉన్నారు. వాళ్లను చూసి నేరుగా వచ్చి వేదిక ఎక్కాడు. జనం 1,200 మంది ఉంటారు. దాదాపు రెండు గంటల ప్రసంగం. యజమాని వర్గం యుద్ధాలు ప్రకటిస్తుందనీ పాలిత వర్గం వాటిలో చస్తుందనీ అన్నాడు. జనంలో ప్రభుత్వం పంపిన షార్ట్‌హ్యాండ్ లేఖకుడు ఉన్నాడు. పోలీసులు, సైన్యంలో చేరే వయసు కుర్రాళ్లను పట్టుకుని నమోదు కార్డులు చూపించమన్నారు. పార్కు చూడ్డానికి అరగంట చాలు. పచ్చిక, చెట్లు, కూర్చునే చోట్లు, అంతే. అందుకే ప్రసంగ పాఠం ముందే చదివి రావాలి, లేకపోతే ఇది ఏదో ఒక పార్కు.

అదే ఊళ్లో అధ్యక్షుడు విలియం మెకిన్లీ సమాధి మందిరం ఉంది. 1900లో డెబ్స్ మొదటి ప్రత్యర్థి మెకిన్లీయే. 1896లో వరండా ప్రచారాన్ని ఇదే కాంటన్‌లో నడిపి గెలిచాడు. సమయం ఉంటే మెట్లెక్కి చూడండి, లేకపోతే కారులోంచి చూసినా సరిపోతుంది.

క్లీవ్‌ల్యాండ్ 60 మైళ్లు. 1918 జూన్ 30న ఇక్కడ ఒక సభలో మాట్లాడ్డానికి వెళుతుండగా డెబ్స్‌ను అరెస్టు చేశారు. పబ్లిక్ స్క్వేర్ పక్కన, సుపీరియర్ అవెన్యూ మీద 1910 నాటి ఫెడరల్ భవనం ఉంది. ఇప్పుడు హోవర్డ్ మెట్జెన్‌బామ్ పేరుతో పిలుస్తారు. సెప్టెంబర్‌లో విచారణ జరిగింది ఇక్కడే. న్యాయమూర్తి వెస్టెన్‌హేవర్. యుద్ధకాలంలో సైనిక నియామకాన్ని అడ్డుకునే మాటలనూ శిక్షించే 1917 గూఢచర్య చట్టం, దానికి 1918 మేలో చేసిన సవరణ కింద అభియోగాలు. డెబ్స్ తరపున ఒక్క సాక్షినీ పిలవలేదు. అన్నమాట అన్నానని ఒప్పుకుని జ్యూరీతో తానే మాట్లాడాడు. శిక్షకు ముందు, కింది వర్గం ఉన్నంతకాలం తాను అందులోవాడిననీ, జైల్లో ఒక్క ప్రాణి ఉన్నా తాను స్వేచ్ఛగా లేననీ చెప్పాడు. పదేళ్ల శిక్ష పడింది. 1919 మార్చి 10న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఖాయం చేసింది. తీర్పు రాసింది న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్.

భవనంలోకి వెళ్లాలంటే ఫోటో గుర్తింపు కార్డు ఉండాలి, మెటల్ డిటెక్టర్ దాటాలి. కెమెరా, జేబుకత్తి కారులోనే వదిలేయండి. ఫోన్ విషయంలో గేటు దగ్గర భద్రతా సిబ్బంది చెప్పినట్టు చేయాలి. బయటికొచ్చి పబ్లిక్ స్క్వేర్‌లో కాసేపు కూర్చోండి. 1919 మే డే నాడు డెబ్స్ జైలుశిక్షను నిరసిస్తూ సాగిన ఊరేగింపు మీద దాడి జరిగి ఈ నగరంలో ఇద్దరు చనిపోయారు.

ఒహాయోలో స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థికి 5,000 సంతకాలు చాలు, ఇండియానాతో పోలిస్తే తేలిక. నియమాలు మాత్రం పదునైనవి. ఒక్కో కాగితం మీద ఒకే కౌంటీవాళ్లు ఉండాలి. పెన్సిల్ పనికిరాదు. ఆ కాగితంలో ఎన్ని సంతకాలు తన కళ్లెదుట పడ్డాయో సేకరించినవారు కింద అంకె వేయాలి. ఉన్నవాటికన్నా తక్కువ అంకె వేస్తే కాగితం మొత్తం చెల్లదు. ఇది ఎలా జరుగుతుందంటే, సాయంత్రం లెక్కపెట్టి 28 అని వేసి మూట కట్టేశాక, వెళ్తూ వెళ్తూ ఇంకొకరు వచ్చి 29వ గడిలో సంతకం పెడతారు. అంకె వేయడం అన్నిటికన్నా చివరి పనిగా పెట్టుకోవాలి.

అయిదో రోజు: మౌండ్స్‌విల్

సుమారు 175 మైళ్లు, ఐ-77, ఐ-70 మీదుగా వీలింగ్, అక్కణ్ణుంచి ఒహాయో నది వెంట. డెబ్స్ 1919 ఏప్రిల్ 13న ఇక్కడి వెస్ట్ వర్జీనియా రాష్ట్ర జైల్లో అడుగుపెట్టాడు, జూన్ 14న అట్లాంటాకు మార్చారు. కోట బురుజుల్లాంటి రాతి భవనం, 1995లో మూసేశారు, ఇప్పుడు గైడుతో చూపిస్తారు. పగటి చరిత్ర పర్యటన టిక్కెట్టే తీసుకోండి. దయ్యాల పేరుతో నడిపే రాత్రి పర్యటనల్లో ఇలాంటి సంగతులకు చోటుండదు. డెబ్స్ ప్రస్తావన గైడును బట్టి ఉంటుంది, మొదట్లోనే అడిగితే చెబుతారు. లోపల చలికాలంలో వేడి ఉండదు. రోడ్డుకు అవతల ఆదివాసీ కాలపు గ్రేవ్ క్రీక్ దిబ్బ ఉంది, ఊరి పేరు దాన్నుంచే వచ్చింది.

ఈ రాష్ట్రంలో గత ఎన్నికలో పోలైన ఓట్లలో ఒక శాతం సంతకాలు కావాలి, 2024లో ఎనిమిది వేలకు కాస్త తక్కువ. సంతకాలు అడిగేవారు ముందుగా కౌంటీ క్లర్క్ దగ్గర అధికార పత్రం తీసుకుని ఓటరుకు చూపించాలి. పొరుగు రాష్ట్రం నుంచి సాయానికి వచ్చినవాళ్లు ఈ సంగతి తెలియక మొదటిరోజు పనంతా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పిట్స్‌బర్గ్ విమానాశ్రయం గంటన్నర లోపే. కారు అక్కడ అప్పగించి రాత్రి విమానం ఎక్కవచ్చు.

ఆరో రోజు: అట్లాంటా

మెక్‌డొనో బులెవార్డ్ మీద ఫెడరల్ జైలు, 1902లో తెరిచిన రాతి భవనం. ఇప్పటికీ ఖైదీలున్నారు. లోపలికి సందర్శకులను రానివ్వరు, రోడ్డు మీంచే చూడాలి. కారు గేటు ముందు ఆపొద్దు, కెమెరా బయటికి తీయొద్దు. సిబ్బంది వచ్చి వెళ్లిపొమ్మంటారు, వాదించడం వల్ల ప్రయోజనం లేదు. పది నిమిషాలు చాలు. కానీ ఈ పది నిమిషాల కోసమే ఇంత దూరం రావచ్చు.

1920 మేలో న్యూయార్క్ మహాసభ డెబ్స్‌ను అయిదోసారి అభ్యర్థిగా ఎన్నుకుంది, ఉపాధ్యక్ష పదవికి సేమూర్ స్టెడ్‌మన్‌ను. ఎంపిక సంగతి చెప్పడానికి పార్టీ ప్రతినిధులు మే 29న ఈ జైలుకే వచ్చారు. రాజ్యాంగం అధ్యక్ష అభ్యర్థికి పెట్టిన షరతులు మూడే: పుట్టుకతో పౌరుడు కావాలి, వయసు 35 నిండాలి, దేశంలో 14 ఏళ్లు నివాసం ఉండాలి. ఖైదీ కాకూడదని లేదు. అందుకే పోటీ సాధ్యమైంది. తన ఓటు తాను వేసుకునే హక్కు మాత్రం అతనికి లేదు. ప్రచారానికి జైలు అధికారులు ఇచ్చిన వెసులుబాటు వారానికొక ప్రకటన, 500 మాటలు మించకుండా. ఎర్ర రైలు మీద రోజంతా మాట్లాడిన మనిషికి వారానికి ఒక పేజీ మిగిలింది. మిగతా పనంతా బయటివాళ్లు చేశారు. జైలు దుస్తుల్లో ఉన్న ఫోటోతో, 'అధ్యక్ష పదవికి ఖైదీ నంబర్ 9653' అన్న బిళ్లలు పంచారు. టెరహోట్ ఇంట్లో మీరు చూసే బిళ్లలు అవే.

9 లక్షల 10 వేలకు పైగా ఓట్లు అంటే 1912 కన్నా ఎక్కువే. శాతం మాత్రం 3.4. ఆ ఆగస్టులోనే 19వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి మహిళలకు దేశమంతా ఓటు దక్కింది, ఓటర్ల సంఖ్య బాగా పెరిగింది. ఈ రెండు అంకెల్లో ఒకదాన్నే చెప్పి డెబ్స్ పెరిగాడనో పడిపోయాడనో రాసేవాళ్లు చాలామంది. రెండూ కలిపి చెప్పాలి. ఇంకా చెప్పాలంటే, పార్టీ అప్పటికే 1919లో చీలిపోయింది, కమ్యూనిస్టులు వేరుపడ్డారు. చీలిన పార్టీకి జైల్లో ఉన్న అభ్యర్థికి ఇన్ని ఓట్లు రావడం మా దృష్టిలో 1912 కన్నా పెద్ద సంగతి.

ఎన్నిక అయిపోయాక కూడా అధ్యక్షుడు విల్సన్ క్షమాభిక్షకు ఒప్పుకోలేదు. అటార్నీ జనరల్ పామరే సిఫారసు చేసినా తిరస్కరించాడు. దాన్ని డెబ్స్ బాహాటంగా విమర్శించడంతో ఉత్తరాలు, సందర్శనలు ఆపేశారు. హార్డింగ్ వచ్చాక, 1921 మార్చిలో, కాపలా లేకుండా డెబ్స్‌ను ఒంటరిగా రైలెక్కించి వాషింగ్టన్ పంపారు. కొత్త అటార్నీ జనరల్ డాహర్టీతో మాట్లాడి, ఎవరూ వెంట లేకుండానే మళ్లీ ఈ జైలుకు తిరిగొచ్చాడు. విడుదల ఆ ఏడు డిసెంబర్ 25న. క్షమాభిక్ష కాదు, శిక్ష తగ్గింపు మాత్రమే. గేటు దాటి వెళుతుంటే లోపల ఖైదీలు కేకలు వేశారు. జైలు చేతికిచ్చిన 5 డాలర్లను, హత్య కేసులో శిక్ష పడిన వలస కార్మికులు శాకో, వాన్‌జెట్టిల కేసు నిధికి పంపేశాడు. మర్నాడు వాషింగ్టన్‌లో హార్డింగ్‌ను కలిశాడు. పౌరసత్వ హక్కులు తిరిగి దక్కింది 1976లో, చనిపోయి అర్ధశతాబ్దమయ్యాక.

జార్జియా నేటి నియమం గురించి ఒక్క ఉదాహరణ చాలు. అధ్యక్ష పదవికి 7,500 సంతకాలు కావాలి. 2024లో కార్నెల్ వెస్ట్, క్లాడియా డె లా క్రూజ్ ఇద్దరూ సంతకాలు తెచ్చారు. కానీ జార్జియాకు 16 మంది ఎలెక్టర్లు (రాష్ట్రం తరపున అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునేవారు), ఒక్కో ఎలెక్టరు పేరిటా వేరుగా పిటిషన్ దాఖలు కావాలని కోర్టు తేల్చింది. తీర్పు వచ్చేసరికి బ్యాలెట్ల ముద్రణ దాటిపోయింది. పేర్లు బ్యాలెట్ మీద ఉన్నాయి, వాటికి పడిన ఓట్లు లెక్కలోకి రాలేదు. అభ్యర్థి పేరు మీద కాగితాలు పోగేసే ముందు, చట్టంలో అభ్యర్థి అంటే ఎవరో ఒక న్యాయవాదితో చదివించుకోవాలి.

తిరుగు ప్రయాణానికి విమానం కన్నా రైలు బాగుంటుంది. అట్లాంటా నుంచి వాషింగ్టన్‌కు ఆమ్‌ట్రాక్ సంస్థ నడిపే క్రెసెంట్ రైలు రాత్రి పొద్దుపోయాక బయల్దేరి మర్నాడు మధ్యాహ్నం చేరుతుంది, సుమారు 14 గంటలు. స్టేషన్ పీచ్‌ట్రీ వీధిలో చిన్న భవనం, కారు పెట్టుకునే చోటు చాలా తక్కువ, ట్యాక్సీలో వెళ్లాలి. రైలు దక్షిణాన న్యూ ఓర్లీన్స్ నుంచి వస్తుంది కాబట్టి ఆలస్యాలు మామూలే. బయల్దేరే ముందు రైలు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుని గది వదలండి. పడక గది ఖరీదైతే కోచ్ సీటు చాలు, కాళ్లు చాపుకునే చోటుంటుంది, ఒక దుప్పటి దగ్గర పెట్టుకోండి.